మూడు ఫోన్లు, రెండు హెడ్‌ఫోన్లు: సౌండ్ క్వాలిటీ తేల్చిన డైరీ

పనిలో ఉన్నవి ఇవి. పాత ఫోన్, 3.5 మి.మీ. జాక్ ఉంది. నీలం ఫోన్, దానికీ జాక్ ఉంది. నల్ల ఫోన్, జాక్ లేదు, యూఎస్‌బీ-సీ డాంగిల్‌తో (జాక్ ఇచ్చే చిన్న అడాప్టర్) వాడతాను. హెడ్‌ఫోన్లు రెండు: చెవి మొత్తం కప్పే ప్లానార్ (పలుచని పొర కదిలి పలికే రకం) హెడ్‌ఫోన్, చెవిలోకి దూర్చే బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ (చిన్న లోహపు కడ్డీ కదిలి పలికే రకం) ఇయర్‌ఫోన్.

ఈ డైరీలో బ్లూటూత్ లేదు. బ్లూటూత్‌లో డిజిటల్‌ను శబ్దంగా మార్చే పని హెడ్‌ఫోన్ లోపలి చిప్ చేస్తుంది. అప్పుడు మనం వినేది ఫోన్ ఆంప్లిఫయర్‌ని కాదు. డాంగిల్ విషయంలోనూ ఇలాంటిదే ఒకటి ఉంది. నా డాంగిల్‌లో సొంత డ్యాక్ (డిజిటల్‌ను శబ్దంగా మార్చే చిప్), సొంత ఆంప్లిఫయర్ ఉన్నాయి. కాబట్టి కింద ‘నల్ల ఫోన్’ అన్న చోటల్లా అసలు పరీక్షకు నిలబడింది డాంగిలే. కొన్ని డాంగిళ్లు ఉత్త వైర్లు మాత్రమే, వాటిలో ఫోన్ డ్యాకే పలుకుతుంది. కొలిచే ముందు మీది ఏ రకమో చూసుకోండి.

దశ 1: పారేసిన నోట్సు

మూడు ఫోన్లలోనూ వాల్యూమ్ 10వ మెట్టు మీద పెట్టి, అవే ఆరు పాటలు విని, ఒక్కోదాని గురించి రాసుకున్నాను. నీలం ఫోన్‌కు ‘విశాలంగా ఉంది, బేస్ నిండుగా ఉంది, గొంతు ముందుకొచ్చింది’ అని రాశాను. నల్లదానికి ‘శుభ్రంగా ఉంది, కొంచెం పొడి’. పాతదానికి ‘నీరసం’. ఈ నోట్సులో ఒక్క ముక్క కూడా పనికిరాలేదు. ఎందుకో తర్వాతి దశలో తెలిసింది.

లెక్క: 6 గంటలు. నిలిచిన ఫలితాలు 0.

దశ 2: మల్టీమీటర్

చెవికి వెళ్లే శబ్దాన్ని పోల్చాలంటే ముందు చెవికి వెళ్లే వోల్టేజ్ ఒకటిగా ఉండాలి. ఇంట్లో ఉన్న చవక మల్టీమీటర్ తీశాను. దాని ఏసీ రేంజ్ 200 వోల్టుల దగ్గర మొదలవుతుంది, చూపించగల అతి చిన్న అంకె 0.1 వోల్ట్. ఫోన్ నుంచి వచ్చేది అంతకంటే కొంచెం ఎక్కువ, అంతే. స్క్రీన్ మీద 0.1, 0.2 మధ్య ఊగుతూ ఉండిపోయింది. ఏసీ మిల్లీవోల్టులు చూపే ట్రూ ఆర్‌ఎంఎస్ మీటర్ అరువు తెచ్చుకున్నాక గానీ పని కదల్లేదు.

1. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో 100 హెర్ట్జ్ సైన్ టోన్ తయారు చేయండి. పూర్తి స్థాయి కంటే 6 డెసిబెల్స్ తక్కువ ఉంచండి. పూర్తి స్థాయిలో ఇస్తే కొన్ని ఫోన్లలో తరంగం తల తెగుతుంది, కొలత చెడుతుంది.
2. ఎంపీ3 వద్దు, వేవ్ లేదా ఫ్లాక్‌గా సేవ్ చేయండి.
3. ఫోన్ జాక్‌కు హెడ్‌ఫోన్‌కు బదులు 33 ఓమ్‌ల రెసిస్టర్ లోడ్‌గా తగిలించి, దాని రెండు కొసల మధ్య కొలవండి.

ఈ మూడోది చాలా ముఖ్యం. లోడ్ లేకుండా కొలిస్తే దాదాపు ఏ ఫోనైనా మంచిదిగానే కనిపిస్తుంది. ఆంప్లిఫయర్ కష్టపడేది హెడ్‌ఫోన్‌కు కరెంట్ ఇవ్వాల్సి వచ్చినప్పుడే.

10వ మెట్టు మీద వచ్చినవి:
పాత ఫోన్: 118 మిల్లీవోల్టులు
నల్ల ఫోన్: 131
నీలం ఫోన్: 162

మొదటి దశలో నేనిచ్చిన ర్యాంకులను ఈ అంకెల పక్కన పెట్టి చూశాను. నీలం మొదట, నల్లది రెండు, పాతది చివర. వోల్టేజ్ వరస కూడా అదే. నీలానికీ పాతదానికీ మధ్య తేడా 2.75 డెసిబెల్స్. ఇంత చిన్న తేడాను మన చెవి ‘ఎక్కువ గట్టిగా ఉంది’ అని చెప్పదు, ‘ఎక్కువ బాగుంది’ అని చెబుతుంది. శబ్దం తగ్గేకొద్దీ చెవికి బేస్ మరింత వేగంగా తగ్గిపోతుందని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు కొలిచి చూపించారు. కొంచెం పెంచితే బేస్ నిండినట్టు, చిన్న చిన్న శబ్దాలు బయటపడ్డట్టు అనిపించేది అందుకే. ఆరు గంటలు కూర్చుని నేను రాసుకున్నది ఫోన్ల నాణ్యత కాదు, వాల్యూమ్.

ఇక్కడే ఇంకో పొరపాటు చేశాను. నీలం ఫోన్‌లో 400 హెర్ట్జ్ టోన్ వేస్తే రీడింగ్ 100 హెర్ట్జ్ కంటే తక్కువ వచ్చింది. ‘మీటర్‌కు ఆ ఫ్రీక్వెన్సీ సరిగా పట్టడం లేదేమో’ అనుకుని వదిలేశాను. మిగతా రెండు ఫోన్లలో ఆ తేడా లేదన్నది నోట్‌బుక్‌లో నా చేతిరాతతోనే ఉంది. దాని సంగతి దశ 5లో వస్తుంది.

లెక్క: ఇప్పటిదాకా మొత్తం 7.5 గంటలు. నిలిచిన ఫలితాలు 0.

దశ 3: కేబుల్

ప్రతిసారీ ప్రోబ్‌లను జాక్ పిన్నుకు నొక్కి పట్టుకోవడం కుదరదు. అందుకని పాడైన ఇయర్‌ఫోన్ వైరు కోసి కొలత కేబుల్ చేశాను. రెండు చోట్ల దెబ్బతిన్నాను.

మొదటిది సోల్డరింగ్. ఇయర్‌ఫోన్ వైర్లలో రాగి పోగుల మీద రంగు ఎనామిల్ పూత ఉంటుంది. పైకి రాగిలాగే మెరుస్తుంది గానీ సీసం పట్టదు. అంటుకున్నట్టు కనిపించి, మీటర్‌తో చూస్తే కనెక్షన్ లేదు. ఐరన్ కొన మీద సీసం బొట్టు పెట్టుకుని అందులో వైరు కొసను మూడు నాలుగు సెకన్లు ముంచితే పూత కాలిపోతుంది. అప్పుడు కొస తెల్లగా మెరుస్తుంది. అది కనిపించే వరకు తర్వాతి పనికి వెళ్లకండి.

రెండోది గ్రౌండ్. మైక్ ఉన్న పిన్నుకు నాలుగు భాగాలు ఉంటాయి. కొస నుంచి లెక్కపెడితే ఎడమ, కుడి, గ్రౌండ్, మైక్. పాత పద్ధతి పిన్నుల్లో చివరి రెండూ తారుమారుగా ఉంటాయి. నేను గ్రౌండ్ అనుకుని కలిపింది మైక్ వైరును. కేబుల్ పనిచేస్తుందో లేదో చూద్దామని ప్లానార్ హెడ్‌ఫోన్ తగిలించి పాట పెట్టాను. వయొలిన్లు వినిపిస్తున్నాయి, హాలు ప్రతిధ్వని వినిపిస్తోంది, వెనక కోరస్ ఉంది. పాడే మనిషి మాత్రం లేదు. గొంతు ఉండాల్సిన చోట గొంతు తాలూకు ప్రతిధ్వని ఒక్కటే మిగిలింది, పక్క గదిలో ఎవరో పాడుతున్నట్టు.

కారణం సులభమే. గ్రౌండ్ తెగితే రెండు స్పీకర్లూ ఎడమ, కుడి వైర్ల మధ్య ఒకే వరసలో పడతాయి. వాటికి అందేది ఎడమకూ కుడికీ మధ్య ఉన్న తేడా మాత్రమే. ప్రధాన గొంతును సాధారణంగా రెండు వైపులా సమానంగా మిక్స్ చేస్తారు కాబట్టి తేడా సున్నా, గొంతు మాయం. మీ ఫోన్‌లో ఎప్పుడైనా ఇలా వినిపిస్తే ఫోన్‌ను తప్పుపట్టే ముందు పిన్ను పూర్తిగా లోపలికి దిగిందో లేదో చూడండి. సగం దిగిన పిన్ను కూడా ఇదే చేస్తుంది.

లెక్క: 10.5 గంటలు. కోసిన వైర్లు 2, పనిచేసే కేబుల్ 1.

దశ 4: ఔట్‌పుట్ ఇంపెడెన్స్

ఈ డైరీ మొత్తంలో ఒక్క దశే చేయగల ఓపిక ఉంటే ఇది చేయండి. ఔట్‌పుట్ ఇంపెడెన్స్ అంటే బయటికి వెళ్లే కరెంట్‌కు ఫోన్ లోపలే ఉండే అడ్డు, ఓమ్‌లలో కొలుస్తారు.

1. వాల్యూమ్ చివరి మెట్టు, అదే 100 హెర్ట్జ్ టోన్. హెడ్‌ఫోన్ తీసేసి ఉండాలి.
2. లోడ్ లేకుండా వోల్టేజ్ రాసుకోండి.
3. 33 ఓమ్‌ల లోడ్ తగిలించి మళ్లీ రాసుకోండి.
4. మొదటి అంకెను రెండో అంకెతో భాగించి, అందులోంచి 1 తీసేసి, 33తో గుణించండి.

పాత ఫోన్: 516, 395 మిల్లీవోల్టులు. ఇంపెడెన్స్ 10.1 ఓమ్‌లు.
నీలం ఫోన్: 482, 451. ఇంపెడెన్స్ 2.3 ఓమ్‌లు.
నల్ల ఫోన్: 498, 485. ఇంపెడెన్స్ 0.9 ఓమ్‌లు.

రెసిస్టర్ మీద 33 అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మవద్దు. ఐదు శాతం తేడా మామూలే. మీటర్‌తో కొలిచి, నిజంగా వచ్చిన విలువనే లెక్కలో వేయండి. నాది 33.0 చూపింది.

ఈ ఓమ్‌లు వినికిడిలో ఎలా కనిపిస్తాయంటే, ఫోన్ ఇంపెడెన్స్, హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్ కలిసి వోల్టేజ్‌ను పంచుకుంటాయి. హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్ అన్ని ఫ్రీక్వెన్సీలలో ఒకేలా ఉంటే మొత్తం శబ్దం కొంచెం తగ్గుతుంది, అంతే. ప్లానార్ అలాంటిదే, కొలిస్తే ఎక్కడ చూసినా 36 ఓమ్‌లకు అటూఇటూ. ఆర్మేచర్ ఇయర్‌ఫోన్ అలా కాదు. 100 ఓమ్‌ల రెసిస్టర్ వరసలో పెట్టి కొలిస్తే 100 హెర్ట్జ్ దగ్గర 22, వెయ్యి దగ్గర 30, 8 వేల హెర్ట్జ్ దగ్గర 9 ఓమ్‌లు వచ్చింది. డబ్బా మీద రాసిన 16 ఓమ్‌లు ఆ మూడింట్లో ఎక్కడా లేదు.

లెక్క వేస్తే, వెయ్యి హెర్ట్జ్‌తో పోల్చినప్పుడు 8 వేల దగ్గర పాత ఫోన్ 4 డెసిబెల్స్ తక్కువ ఇస్తుంది. నీలం 1.3 తక్కువ, నల్లది 0.6 తక్కువ. అంటే ఒకే ఇయర్‌ఫోన్ మూడు ఫోన్లలో మూడు రకాలుగా పలుకుతుంది. ‘ఫలానా ఫోన్ సౌండ్ డల్‌గా ఉంటుంది’ అనే మాట ఒక ఇయర్‌ఫోన్‌తో నిజమై, ఇంకో హెడ్‌ఫోన్‌తో అబద్ధం కావచ్చు. ఏ హెడ్‌ఫోన్‌తో విన్నారో చెప్పని రివ్యూను నేను ఇప్పుడు పట్టించుకోవడం లేదు.

ఫోన్ ఇంపెడెన్స్ హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతు దాటకూడదని ఒక వాడుక నియమం ఉంది. ఈ ఇయర్‌ఫోన్ అతి తక్కువ విలువ 9 ఓమ్‌లు కాబట్టి ఫోన్‌ది 1.1 లోపు ఉండాలి. నల్లది మాత్రమే పాసైంది.

లెక్క: 12.5 గంటలు. నిలిచిన ఫలితాలు 3.

దశ 5: శబ్దం సమానం చేయడం, దొరికిన దొంగ

పోలిక కోసం మూడింటి మధ్య తేడా 0.1 డెసిబెల్ లోపు ఉండాలి. వోల్టేజ్‌లో అది సుమారు 1.2 శాతం. ఫోన్ వాల్యూమ్ బటన్‌తో ఇది జరిగే పని కాదు. పాత ఫోన్‌లో 10వ మెట్టు 118 మిల్లీవోల్టులైతే 11వది 151, ఒక్క మెట్టుకే 2 డెసిబెల్స్ పైన.

సరి చేయబోయే ముందు 20 నుంచి 20 వేల హెర్ట్జ్ వరకు స్వీప్ (కింది నుంచి పైకి జారే టోన్) వేసి, ఆడియో ఇంటర్‌ఫేస్‌తో (శబ్దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే పెట్టె) రికార్డ్ చేసి చూశాను. నీలం ఫోన్ గీత ఎడమ చివర గుట్టలా లేచింది. 60 హెర్ట్జ్ దగ్గర 4 డెసిబెల్స్ ఎక్కువ. సెట్టింగ్స్ అంతా వెతికితే సౌండ్ ఎఫెక్ట్ ఒకటి దానంతట అదే ఆన్ అయి ఉంది. హెడ్‌ఫోన్ పెట్టనంత సేపు ఆ మెనూ బూడిద రంగులో నిద్రపోతుంది, పిన్ను పెట్టగానే లేస్తుంది. దశ 2లో 400 హెర్ట్జ్ రీడింగ్ తగ్గింది ఇందుకే. మీటర్ నిజమే చెప్పింది.

ఎఫెక్ట్ ఆపేశాక నీలం ఫోన్ 10వ మెట్టు 162 నుంచి 127కు దిగింది. దశ 4లో వచ్చిన ఓమ్‌లు మాత్రం మారవు, అక్కడ వాడింది రెండు రీడింగుల నిష్పత్తి కాబట్టి. అయినా మళ్లీ కొలిచాను, 2.3 ఓమ్‌లే వచ్చింది.

1. మూడు ఫోన్లలోనూ ఈక్వలైజర్, సౌండ్ ఎఫెక్ట్, ‘చెవికి తగ్గట్టు’ లాంటివన్నీ హెడ్‌ఫోన్ పెట్టి ఉంచే ఆపేయండి. ప్లేయర్ యాప్‌లో వేరేగా ఉంటాయి, అవీ ఆపాలి.
2. వోల్టేజ్ అందరికంటే తక్కువ ఇచ్చే ఫోన్‌ను ఆధారంగా తీసుకోండి. నాకు పాతది, 118.
3. మిగతా ఫోన్లకు వాల్యూమ్ కాదు, పాట ఫైల్‌ను ఆడాసిటీలో తగ్గించండి. నీలానికి 0.64, నల్లదానికి 0.91 డెసిబెల్.
4. తగ్గించిన ఫైల్‌ను 24 బిట్‌లో సేవ్ చేయండి.
5. టోన్‌ను కూడా అంతే తగ్గించి మళ్లీ కొలవండి. నాకు 118.0, 117.8, 118.3 వచ్చాయి.

లెక్క: 15 గంటలు.

దశ 6: కళ్లు మూసుకుని వినడం

ఏబీఎక్స్ పద్ధతి తీసుకున్నాను. ఏ, బీ రెండు ఫోన్లు ఏవో తెలుసు. ఎక్స్ ఆ రెండింట్లో ఏదో ఒకటి, ఏదో తెలియదు. విని చెప్పాలి. 16 సార్లలో కనీసం 12 సరిగ్గా చెబితే, ఉత్త ఊహతో అలా వచ్చే అవకాశం 3.8 శాతం. కాబట్టి 12 గీత అని ముందే రాసి పెట్టుకున్నాను.

మొదటి విడత: రెండు ఫోన్లకూ మధ్య స్విచ్ పెట్టాం. నాకు వెనక కూర్చుని మా తమ్ముడు స్విచ్ మార్చాడు. పాత ఫోన్, నల్ల ఫోన్, ప్లానార్ హెడ్‌ఫోన్. 16కి 16. ప్లానార్‌తో తేడా ఉండకూడదని దశ 4 లెక్క చెబుతోంది, ఇక్కడేమో ఒక్కటీ తప్పలేదు. ఎలా అని నేను తల పట్టుకుంటే వాడు చెప్పాడు: “అక్కా, స్విచ్ నొక్కగానే నువ్వు చెప్పేస్తున్నావు. ఒక దాంట్లో పాట కాస్త ముందుకు జరిగి ఉంది, నాకే తెలిసిపోతోంది.” నిజమే. రెండు ప్లే బటన్లనూ ఒకేసారి నొక్కాం అనుకున్నాం గానీ నల్ల ఫోన్ పాట చిటికె ముందు నడుస్తోంది. నేను విన్నది నాణ్యతను కాదు, ఆ గెంతును. 16 ప్రయత్నాలూ రద్దు.

తర్వాత పద్ధతే మార్చాను.

1. ఫోన్ జాక్‌కు వై స్ప్లిటర్. ఒక కొసకు హెడ్‌ఫోన్, రెండో కొసకు ఆడియో ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌పుట్. హెడ్‌ఫోన్ తగిలే ఉంటుంది కాబట్టి దాని లోడ్ వల్ల వచ్చే మార్పు కూడా రికార్డ్ అవుతుంది.
2. ఫోన్ ఛార్జింగ్‌లో ఉండకూడదు, లాప్‌టాప్ బ్యాటరీ మీద నడవాలి. ఛార్జర్ పెట్టి చేసిన మొదటి రికార్డింగ్ నిండా హమ్.
3. పాట ముందు 5 సెకన్లు వెయ్యి హెర్ట్జ్ టోన్. దాంతో రికార్డింగుల స్థాయి సమానం చేయాలి.
4. ఒక్కో ముక్క 15 సెకన్లే. ఫోన్ల గడియారాలు కొద్ది తేడాతో నడుస్తాయి. నా రెండు రికార్డింగులు 4 నిమిషాల చివర 9 మిల్లీసెకన్లు పక్కకు జరిగాయి.
5. లాప్‌టాప్‌లో ఫూబార్2000 అనే ప్లేయర్‌లోని ఏబీఎక్స్ పరికరంలో వేసి వినాలి. వినేది అదే హెడ్‌ఫోన్‌తో, నల్ల ఫోన్ డాంగిల్‌నే లాప్‌టాప్‌కు పెట్టి.

పాతది, నల్లది, ఆర్మేచర్ ఇయర్‌ఫోన్‌తో: 16కి 15. గుర్తు ఏమిటో కూడా చెప్పగలను. ఆడ గొంతు పాటలో ‘స’, ‘శ’ అక్షరాల కొసన వచ్చే సన్నని గాలి నల్లదాంట్లో విడిగా వినిపిస్తుంది. పాతదాంట్లో అది పదంలో కలిసిపోతుంది. చప్పట్లున్న ముక్కలో ఇంకా తేలిక. నల్లదాంట్లో అరచేతులు, పాతదాంట్లో గుడ్డ చుట్టిన అరచేతులు. పియానో ముక్కలో మాత్రం నాకు తేడా దొరకలేదు, తప్పిన ఒక్కటీ అదే.

అవే రెండు ఫోన్లు, ప్లానార్‌తో: 16కి 9. నాణెం ఎగరేసినా ఇంతే వస్తుంది. మొదటి దశలో ‘నీరసం’ అని రాసిన ఫోన్ ఇది.

నీలం, నల్లది, ఇయర్‌ఫోన్‌తో: 16కి 10. తేలలేదు. ‘ఇంకో 16 చేద్దాం’ అని కొనసాగించాను, 11 వచ్చాయి, మొత్తం 32కి 21. అవకాశం 5.5 శాతం, ఇంకొంచెం లాగితే గీత దాటేలా ఉంది. అక్కడ ఆగిపోయాను. ఫలితం నచ్చలేదని ప్రయత్నాలు పెంచుకుంటూ పోతే ఎప్పుడో ఒకప్పుడు గీత దాటుతుంది, అది వినికిడి వల్ల కాదు. ఆ 32 రద్దు చేశాను. మర్నాడు ‘20 ప్రయత్నాలు, 15 వస్తేనే తేడా ఉన్నట్టు’ అని ముందుగా రాసి మళ్లీ చేస్తే 13 వచ్చాయి. తేడా వినగలనని చెప్పలేను. 8 వేల హెర్ట్జ్ దగ్గర 0.8 డెసిబెల్ తేడా లెక్కలో ఉంది, నా చెవికి అందలేదు.

ఒక జాగ్రత్త. తేడా దొరకనప్పుడు చెయ్యి వాల్యూమ్ పెంచడానికే పోతుంది. 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పరిమితి. దాన్ని దాటి వింటే చెవి అలిసిపోయి తర్వాతి జవాబులు కూడా పాడవుతాయి. అరగంట విని, అంతే సేపు ఆగడం పెట్టుకున్నాను.

లెక్క: 24 గంటలు. చేసిన ప్రయత్నాలు 100, రద్దు 48, నిలిచినవి 52.

దశ 7: బుస

పాట ఆగినప్పుడు వినిపించే బుస శబ్దం. నిశ్శబ్దంగా ఉన్న ఫైల్ వేసి వింటే మూడూ శుభ్రంగా ఉన్నాయి. అది తప్పు పరీక్ష. ఫైల్‌లో అన్నీ సున్నాలే ఉంటే కొన్ని ఫోన్లు రెండు మూడు సెకన్లలో ఆంప్లిఫయర్‌ను నిద్రపుచ్చుతాయి. చిన్న టిక్ వినిపించి బుస ఆగిపోతుంది. పూర్తి స్థాయి కంటే 90 డెసిబెల్స్ కింద టోన్ ఉన్న ఫైల్ వేస్తే మెలకువగా ఉంటాయి. అప్పుడు ఇయర్‌ఫోన్‌తో నీలం ఫోన్‌లో సన్నగా, వాల్యూమ్ ఎంత మార్చినా మారని బుస వినిపించింది. పాతదాంట్లో, నల్లదాంట్లో నాకు వినపడలేదు. పాతదాని 10 ఓమ్‌లు ఇక్కడ మేలు చేస్తున్నాయి, పాటతో పాటు బుసనూ తగ్గిస్తున్నాయి. ప్లానార్‌తో ఏ ఫోన్‌లోనూ లేదు.

లెక్క: 25 గంటలు.

మార్చుకున్నవి, మిగిలినవి

ఇయర్‌ఫోన్ ఇక నల్ల ఫోన్ డాంగిల్‌కే. పాత ఫోన్‌ను అమ్మేద్దామనుకున్నది మానేసి ప్లానార్‌తో జత చేశాను. నీలంలో ఎఫెక్ట్ ఆపేసి ఉంచాను. సిస్టమ్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ స్వీప్ వేసి అది మళ్లీ లేవలేదని చూసుకుంటున్నాను.

మిగిలింది క్రాస్‌టాక్, అంటే ఎడమ శబ్దం కుడిలోకి కారడం. ఒకసారి కొలిచాను గానీ ఆ అంకెలు ఇక్కడ పెట్టడం లేదు. నా కేబుల్‌లో రెండు చానళ్లకూ ఒకటే సన్నని గ్రౌండ్ వైరు, కారేదాంట్లో ఎంత ఫోన్‌ది, ఎంత ఆ వైరుది అన్నది విడదీయలేకపోయాను. రెండు 33 ఓమ్‌ల రెసిస్టర్లను పిన్ను లోపలే, గ్రౌండ్ రింగ్ మీద నేరుగా అతికించి కొత్త కేబుల్ చేయాలి. పిన్ను, రెసిస్టర్లు బల్ల మీద ఉన్నాయి.